షట్టర్ దించాక బిడ్డకు రాసిన ఉత్తరం

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. మన మందుల షాపు నిండా జనం ఉన్నారు. "బాపూ, ఆల్ప్రజోలం రోజూ వేసుకుంటే ఏమవుతుంది?" అని ఆ నిద్రమాత్ర గురించి గొంతు తగ్గించి అడిగావు. ఎవరికి అంటే రూమ్మేట్‌కి అన్నావు. రూమ్మేట్‌కే అయినా, నీకే అయినా నా జవాబు మారదు కాబట్టి ఆ మాట మళ్లీ అడగను. ఫోన్‌లో అయితే మధ్యలో నాకు కోపమొస్తుంది, నువ్వు కట్ చేస్తావు. అందుకే షట్టర్ దించి, కౌంటర్ దగ్గరే కూర్చుని రాస్తున్నాను.

ముందు పెద్దబాపు సంగతి చెప్పాలి. ఆయనకు ఫిట్స్ వచ్చాయని నీకు తెలుసు. ఎందుకు వచ్చాయో అప్పుడు చిన్నపిల్లవని చెప్పలేదు.

పొద్దంతా పొలంలో కష్టపడి సాయంత్రానికి కల్లు దుకాణానికి పోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. మన దిక్కు చెట్ల నుంచి దించే కల్లు తాగేవాళ్లందరికీ సరిపోదు. అందుకే కొన్ని దుకాణాల్లో నీళ్లలో శాక్రిన్ వేసి, ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపి కల్లు అని అమ్ముతారు. తాగేవాడికి అది కల్లే. కానీ ఒంట్లోకి పోయేది నిద్రమాత్ర, అదీ కొలత లేకుండా.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు మూతపడ్డాయి. "మంచిదే అయింది, ఇట్లనన్నా మానుతాడు" అన్నాను. రోజూ ఆ మందులే అమ్మే నేను అన్నానమ్మా ఆ మాట. రెండో రోజు సాయంత్రం చాయ్ సాసర్‌లో పోసుకుంటే కప్పూ సాసరూ టకటకా కొట్టుకున్నాయి, చాయంతా లుంగీ మీద పడింది. ఆ రాత్రి కన్ను మూయలేదు. గోడ నిండా చీమలున్నాయని తువ్వాలతో దులుపుతూనే ఉన్నాడు. మూడో రోజు పొద్దున బాయి దగ్గర పళ్లు తోముకుంటూ వేపపుల్లతో సహా పడిపోయాడు. నాలుక తెగి నెత్తురు. మీ పెద్దమ్మ తాళంచెవుల కోసం ఇంట్లోకి ఉరికింది. (తాళంచెవులతో ఫిట్స్ ఆగవు. నోట్లో ఏమీ పెట్టకూడదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అంతే.)

ఆసుపత్రిలో డాక్టర్ మళ్లీ అదే జాతి మందు ఇచ్చాడు. కొలిచి ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాడు. అప్పుడుగానీ నా మాట తప్పని నాకు తెలియలేదు.

ఒక్కసారే మానితే అట్లా ఎందుకవుతుందంటే, మెదడులో ఉద్రేకాన్ని అణిచే బ్రేకు ఒకటి ఉంటుంది. దాన్ని గాబా అంటారు. ఆల్ప్రజోలం, డయాజిపాం, సారా, బ్రాందీ అన్నీ ఆ బ్రేకునే నొక్కుతాయి. బయటినుంచి రోజూ ఎవరో నొక్కుతుంటే మెదడు తన బ్రేకును వదులు చేసుకుంటుంది, యాక్సిలరేటర్‌ను పెంచుకుంటుంది. ఒకనాడు మందు అందకపోతే ఉన్నది యాక్సిలరేటరే. వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ అన్నీ దాని వల్లే. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే చెబుతున్నాను, ఆ అమ్మాయిని "ఇవాళ్టి నుంచి బంద్ చెయ్" అని బలవంతపెట్టకు. స్ట్రిప్పులు డస్ట్‌బిన్‌లో పడేయకు. రోజుకు ఎన్ని, ఎన్నాళ్ల నుంచి అనేది రాసుకుని మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోవాలి. ఇంకొకటి, ఆ మాత్ర మీద బీరు గానీ బ్రాందీ గానీ పడనివ్వొద్దు. రెండూ ఒకే బ్రేకు మీద పడితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

అసలు ఆమెకు ఆ మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా ఎవరు ఇస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. ఇవి షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే, లెక్క రాసి అమ్మాల్సినవి. అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని మాత్రలు అన్నీ వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మన షాపులో ఎర్ర అట్ట పుస్తకం అదే. నువ్వు చిన్నప్పుడు దాని వెనక పేజీల్లో బొమ్మలు గీసి నాతో తిట్లు తిన్నావు. ఆ రిజిస్టర్‌కు భయపడని షాపువాడంటే నాకు అసహ్యం.

ఆమె రాత్రి నిద్రకు ఇది వేసుకుంటే, పరీక్షలప్పుడు మేలుకోవడానికి ఇంకేదో వేసుకుంటుందేమో కనుక్కో. చాలామందికి రెండూ జోడుగానే ఉంటాయి. మిథైల్‌ఫెనిడేట్ అని ఏకాగ్రత కుదరని పిల్లలకు డాక్టర్లు రాసే మాత్ర ఉంది. దాన్ని చదువు కోసమని తెచ్చుకుంటారు. పార్టీల్లో నడిచే ఎండీఎంఏ, మెఫెడ్రోన్, కొకైన్ అనే మత్తుమందులు కూడా నిద్ర రానివ్వని ఆ దారిలోవే. గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, ఆకలీ నిద్రా తెలియవు. కొకైన్‌కు గుండె రక్తనాళాలు బిగుసుకుని ఇరవై ఏళ్ల పిల్లవాడికి కూడా గుండెపోటు రావచ్చు. ఎండీఎంఏతో డాన్స్ చేస్తే ఒళ్లు కొలిమిలా కాలుతుంది. మత్తు దిగిన తెల్లారి మనసు పాతాళానికి పోతుంది, మళ్లీ అదే కావాలనిపిస్తుంది.

నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి వేరే జాతి. హెరాయిన్‌కు దూరపు చుట్టాలు కావు, సొంత తోబుట్టువులే. ఆపరేషన్ అయినవాళ్లకు ఇవి వరం, నేనే వందలసార్లు ఇచ్చాను. ఎక్కువైతే మాత్రం మెదడులో ఊపిరిని నడిపే చోటు మొద్దుబారుతుంది. కంటిపాప చూస్తే తెలిసిపోతుంది. వీటితో గుండుసూది మొనంత అవుతుంది, ఇందాక చెప్పిన మేలుకొలుపు మందులతో పెద్దదవుతుంది. పెదవులు నీలంగా మారి, గొంతులో గురగుర వినబడుతుంటే అది మామూలు గురక కాదు. నలోక్సోన్ అనే ఇంజక్షన్‌తో నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది, కానీ మనిషిని వేళకు ఆసుపత్రికి చేర్చాలి.

గంజాయి గురించి మీ కాలేజీ పిల్లలు "చెట్టు నుంచి వచ్చిందే కదా" అంటారని విన్నాను. గన్నేరు కూడా చెట్టే. దాదాపు ఇరవై అయిదేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో రోజూ పొగ పడితే జ్ఞాపకం, శ్రద్ధ దెబ్బతింటాయి. మతిభ్రమణం వచ్చే లక్షణం ఒంట్లో దాగి ఉన్నవాళ్లకు అది బయటపడవచ్చు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి, వేన్నీళ్లు పోసుకుంటే తప్ప నెమ్మదించవు.

కాజీపేట స్టేషన్ బయట రుమాలులో వైట్నర్ పోసి పీల్చే పిల్లలను నువ్వు చూశావు. నీ చెయ్యి పట్టుకుని గబగబా నడిపించాను, గుర్తుందా? ఆ వాసనకు మొదటిసారే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఆ పిల్లల దగ్గర ఆగి ఒక్క మాటైనా మాట్లాడలేదని ఇప్పటికీ బాధగా ఉంది.

హాస్టల్‌లో ఎవరైనా లేపినా లేవకపోతే "పడుకుంటే దిగిపోతుందిలే" అనే మాట వినకు. గట్టిగా పిలువు, ఊపిరి చూడు, పక్కకు తిప్పి పడుకోబెట్టు, వాంతి గొంతుకు అడ్డం పడకుండా ఉంటుంది. 108కి ఫోన్ చెయ్. ఏం తీసుకున్నారో దాచకుండా చెప్పు, ఖాళీ స్ట్రిప్ ఉంటే చేతికివ్వు. పోలీసులొస్తారని, హాస్టల్ నుంచి తీసేస్తారని ఆలస్యం చేస్తారు, ప్రాణాలు పోయేది అక్కడే. 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే, అలవాటుపడినవాళ్లు తమంతట తాము చికిత్సకు ముందుకొస్తే, వాడినందుకు, కొద్దిపాటి మందు దగ్గర ఉన్నందుకు కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ ఉంది. అలవాటు మానడానికి సాయం కావాలంటే 14446 నంబర్ ఉంది, డబ్బులేమీ అక్కరలేదు. ఈ రెండు నంబర్లూ గోడ మీద రాసిపెట్టుకోండి.

శనివారం షాపు మీ బాబాయికి అప్పజెప్పి పొద్దున బస్సుకు వస్తున్నాను. ఉప్పల్‌లో దిగి ఫోన్ చేస్తాను. ఆ అమ్మాయి ఒప్పుకుంటే ముగ్గురం కలిసి డాక్టర్ దగ్గరికి పోదాం. వాళ్లింట్లో చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, నేను ఏమీ అడగను, తిట్టను. నీకే అయినా అంతే. అమ్మ సర్వపిండి చేసి పంపుతానంటోంది, ఇద్దరికీ సరిపోయేంత తెస్తాను.

బాపు