పొత్తిగుడ్డల సంచులకి ఇంకా సగం డబ్బు కూడా రాలేదు – క్రిస్మస్ కానుకల కోసం సంఘానికి విజ్ఞప్తి

సంఘంలోని పెద్దలకి, అన్నలకి, అక్కలకి, యూత్ పిల్లలకి ప్రభువు పేరట వందనాలు.

కమిటీ తరఫున రాస్తున్నాను. ఆగస్టులో ఆరాధన అయ్యాక అందరం లేచి నిలబడి ఒప్పుకున్నాం కదా, ఈ ఏడు సండే స్కూల్ పిల్లలకి, ఆశ్రమం పిల్లలకి, ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళకి ఇచ్చే క్రిస్మస్ కానుకల్లో మెరుపు కాయితం ఉండకూడదు, పాత గుడ్డలతో కుట్టిన సంచులే ఉండాలి, రెండ్రోజులకే విరిగిపోయే ప్లాస్టిక్ బొమ్మ ఉండకూడదు అని. ఆ రోజు చేతులెత్తినవాళ్ళలో చాలామంది దగ్గర్నుంచి ఇంకా చందా కవరు రాలేదు. మర్చిపోయుంటారనే అనుకుంటున్నాం. అనుకున్న మొత్తంలో ఇప్పటికి వచ్చింది మూడో వంతు, కొంచెం అటూ ఇటూగా, పూర్తి లెక్క కోశాధికారి గారి పుస్తకంలో ఉంది, ఎవరైనా అడిగి చూసుకోవచ్చు. మనకున్న గడువు డిసెంబర్ 14 ఆదివారం.

పోయినేడు డిసెంబర్ 26 పొద్దున మందిరం ఊడ్చింది మేము ఐదుగురం. పిల్లలు కానుకలు విప్పుకుని వెళ్ళిపోయాక ఎత్తింది తొమ్మిది గోతాల చెత్త. పాత పేపర్లు కొనే ఆయన్ని పిలిచాం, ఏటా మన పాత పాటల కాయితాలన్నీ ఆయనే తీసుకెళ్తాడు. ఆయన ఒక ముక్క తీసి గుప్పిట్లో గట్టిగా నలిపి వదిలితే అది మళ్ళీ విచ్చుకుంది. ఇది కాయితం కాదమ్మా, నాకొద్దు అన్నాడు. మీరూ ఇంట్లో నలిపి చూడండి, మామూలు కాయితం నలిగినట్టే ఉండిపోతుంది, ప్లాస్టిక్ పొరో రేకు పొరో అంటించింది విచ్చుకుంటుంది, అలాంటిదాన్ని మళ్ళీ కాయితంగా మార్చలేరు. దాని మీద చల్లే మెరుపుపొడి ఉందే, అదీ ఎక్కువగా ప్లాస్టిక్కే, సన్నటి ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూత పూసి నలకల్లా కోస్తారు, ఊడిస్తే పోదు, కడిగితే నీళ్ళతో పాటు పోయి చివరికి సముద్రంలో చేపల కడుపులో తేలుతుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో అయితే విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపుపొడిని 2023 అక్టోబర్ నుంచి నిషేధించారు. మన గోతాల సంగతికొస్తే, చివరికి ఎవరో వెనక గోడ దగ్గర కుమ్మరించి అంటించారు. ఎవరని అడగను. కానీ అందులో చెట్టుకి చుట్టిన మెరుపు తోరణాలు కూడా ఉన్నాయి, అవి పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, అది కాలితే వచ్చే పొగలో డయాక్సిన్లు అనే విషాలు ఉంటాయి, ఆ పొగ మధ్యలోనే మన చిన్నపిల్లలు ఆడుకుంటూ దగ్గుతుంటే నాకు ఏడుపొచ్చింది, రక్షకుడి పుట్టినరోజు మర్నాడు మనం చేసిన పని అది.

ఆ రాత్రి నిద్రపట్టక లూకా సువార్త రెండో అధ్యాయం తీశాను. మనందరికీ నోటికొచ్చిన మాటే, మరియమ్మ తన తొలిచూలు బిడ్డని పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. ఎన్ని క్రిస్మస్‌లకి విన్నానో, ఆ గుడ్డల దగ్గర ఎప్పుడూ ఆగలేదు. దేవుడు లోకానికిచ్చిన కానుకకి చుట్టింది గుడ్డే కదా. ఆ తల్లి దాన్ని ఉతికి, ఆరేసి, మళ్ళీ చుట్టే ఉంటుంది. ఐదు వేలమంది తిన్నాక కూడా ప్రభువు ఏమీ పాడవకుండా మిగిలిన ముక్కలన్నీ పోగుచెయ్యమన్నాడు, పన్నెండు గంపలు నిండాయి. ఎంతైనా పుట్టించగలిగినవాడే ముక్క పోనివ్వకపోతే మనం గోతాలకి గోతాలు తగలబెట్టడం ఏంటి?

అలా మొదలైంది ఈ సంచుల పని. కుట్టుపని నేను చూస్తున్నాను కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతా పెద్దలు ఏమీ అనుకోవద్దు. మొత్తం 260 సంచులు కావాలి, మూడు సైజుల్లో, పైన నాడా దోపి లాగితే మూతిబిగుసుకునేవి, టేపు అక్కర్లేదు, రిబ్బన్ అక్కర్లేదు. ఇప్పటికి 97 అయ్యాయి. మీరిచ్చిన పాత దుప్పట్లు, కర్టెన్లు, దిండు గలీబులు, చిరుగుపడ్డ కాటన్ చొక్కాలు అన్నీ ఉతికి ఇస్త్రీ చేసి వాడాం. పెద్ద కానుకలకి సంచి కూడా అక్కర్లేదు, చదరంగా కోసిన గుడ్డని నాలుగు మూలలూ కలిపి ముడేస్తే చాలు, జపాన్‌లో దీన్ని ఫురోషికి అంటారు, 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యూరికో కోయికే దీన్నే మళ్ళీ వాడుకలోకి తేవాలని ప్రచారం చేశారు. మన యూత్‌లో ఇద్దరు నేర్చుకున్నారు, పుస్తకమైనా బంతైనా చక్కగా చుట్టేస్తున్నారు.

కొత్త తానులు కొనేసి కుట్టించొచ్చు కదా, ఇంత శ్రమెందుకు అని కొందరు అడిగారు. వద్దండీ. పత్తి పండించడానికి బోలెడు నీళ్ళు కావాలి, ఒక్క కాటన్ టీషర్టుకే సుమారు 2,700 లీటర్లని లెక్క కట్టారు. కొత్త గుడ్డతో సంచి కుట్టి ఒక్కసారి వాడి మూల పడేస్తే దానికన్నా కాయితమే నయం. అందుకే ప్రతి సంచీ జనవరి మొదటి ఆదివారం మళ్ళీ మందిరానికి రావాలి. ఒక్కో క్రిస్మస్‌కి ఒక్కో రంగుదారంతో అంచు మీద ఒక కుట్టు వేస్తాం. ఇప్పుడు సండే స్కూల్‌లో ఉన్న పిల్ల పెద్దదై పది కుట్లున్న సంచి చేతికి తీసుకోవాలని నా ఆశ. బైబిల్లో యొప్పే అనే ఊళ్ళో బట్టలు కుట్టిపెట్టే దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రందరూ ఆమె కుట్టిన బట్టలు పేతురుకి చూపించి ఏడ్చారు. ఆమె పేరు మీదే నడుస్తున్న కుట్టు గది మనది, పెద్దవాళ్ళకి ఆ చరిత్ర నేను చెప్పక్కర్లేదు.

మరి పాత గుడ్డలే అయితే డబ్బులెందుకు అంటారేమో. రెండు మిషన్లు రిపేరుకున్నాయి, ఒకదానికి మోటారే పోయింది. దారం, నాడాలు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, సంచిలో పెట్టే కానుకలు కొనాలి. పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు, చెక్క బొమ్మలు, మొక్కలు, ముసలివాళ్ళకి ఉన్ని శాలువాలు అనుకున్నాం. వాడిన బొమ్మలు, సైకిళ్ళు ఇచ్చినా సంతోషమే, బాగుచేసే అన్నయ్య ఉన్నాడు మనకి. కానీ దయచేసి గుండ్రటి బిళ్ళలాంటి బటన్ బ్యాటరీతో పాటలు పాడే చవక బొమ్మలు మాత్రం ఇవ్వొద్దు. ఆ బిళ్ళ మింగితే అది ఇరుక్కుని రెండు గంటల్లోనే పిల్లల ఆహారనాళం లోపల కాలిపోవచ్చు. పోయినేడు వచ్చిన బొమ్మల్లో సగానికి పైగా బ్యాటరీ మూతకి స్క్రూ కూడా లేదు, నేను కూర్చుని ఒక్కోటి చూశాను. పాట ఆగిపోయాక ఆ బొమ్మ, బ్యాటరీతో సహా, చెత్తలోకే పోతుంది.

ఒక కుటుంబం కొత్త క్రిస్మస్ చెట్టు ఇస్తామన్నారు. మీ మనసు పెద్దది, దేవుడు మిమ్మల్ని దీవించాలి, కానీ మనకున్న ప్లాస్టిక్ చెట్టు ఇంకా నిలబడుతోంది, దాన్ని పారేసి ఇంకోటి తెచ్చే బదులు ఆ డబ్బు ఈ కానుకలకి ఇవ్వండి. ప్రభువు పుట్టిన దృశ్యం చూపించే పశువుల పాకకి థర్మోకోల్ కూడా తేవట్లేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి గారు ఏర్పాటు చేసిన పాకలో ఉన్నది నిజం గడ్డి, నిజం ఎద్దు, గాడిద. మనకి గడ్డి చాలు.

పాస్టర్ గారు పైకప్పు సంగతి కూడా రాయమన్నారు, ఎడమవైపు మూడో బెంచీ మీద కారుతోంది, ఎల్‌ఈడీ బల్బులు కూడా ఇంకా సగం మార్చాలి. వాటికి వేరే కవరు ఉంది, దాని మీద పైకప్పు అని రాయండి.

మీరు ఇవ్వనివాళ్ళు కాదు. గంట పగిలినప్పుడు ఒక్క నెలలో కొత్త గంట మోగించింది మీరే, ప్రహరీ కూలినప్పుడు ఇటుకలు మోసింది మీరే, చంటిపిల్లల్ని చంకనేసుకుని మరీ వచ్చారు. అప్పుడు కళ్ళకి కనపడే గోడ కాబట్టి ఇచ్చామేమో, ఇప్పుడు గుడ్డ సంచే కదా అని చిన్నచూపు చూస్తున్నామేమో అని భయంగా ఉంది. ఎక్కువ లేకపోతే సిగ్గుపడొద్దు, కానుకల పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలినే ప్రభువు చూపించి మెచ్చుకున్నాడు. అదీ లేకపోతే సమయం ఇవ్వండి. ఒక అక్క ముగ్గురు ముసలమ్మల్ని నెలకోసారి కళ్ళాసుపత్రికి తీసుకెళ్తానని చీటీ రాసి సంచిలో వేసింది, ఇప్పటిదాకా వచ్చిన కానుకల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మీ ఇళ్ళలో కూడా అందరూ అందరికీ కొనే బదులు చీటీలు తీసి ఒకరికి ఒకరు ఇచ్చుకుంటే మిగిలినదాంట్లో కొంత ఇటు పంపొచ్చు.

కవరు మీద కానుకల సంచులు అని రాసి వాకిలి పక్కన ఆకుపచ్చ పెట్టెలో వెయ్యండి, లేదా కోశాధికారి గారి చేతికివ్వండి, రసీదు ఇస్తారు. పాత గుడ్డలైతే ఉతికి తెండి, జిప్పులు గుండీలు మీరే తీసేస్తే మాకో పని తగ్గుతుంది. కుట్టు గది శనివారం మధ్యాహ్నం 2 నుంచి చీకటిపడేదాకా తెరిచే ఉంటుంది. కుట్టడం రాకపోయినా పర్వాలేదు, నాడాలు దోపడానికి మనుషులు చాలట్లేదు, ఇంకా 163 సంచులున్నాయి.

ప్రభువు పనిలో మీ సహోదరి,
కమిటీ తరఫున, స్త్రీల సమాజం కార్యదర్శి