రాళ్లు ఎక్కడికి పోయాయో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

శిథిల కట్టడాలకు పూర్వవైభవం తీసుకురావాలని పాఠకులు తరచూ రాస్తుంటారు. నేను అడిగేది అంతకంటే చాలా చౌకైన పని. అక్కడ పెట్టే బోర్డు మీద మరో నాలుగు వాక్యాలు రాయించాలి, అంతే.

మా అబ్బాయి ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు వాడి దగ్గర మూడు నెలలు ఉన్నాను. సాయంత్రం నడకకు వెళ్లే దారిలో, కెన్నెట్ ఏటి పక్కన, ఒక పాత క్రైస్తవ మఠం గోడలు ఉన్నాయి. 1121లో మొదటి హెన్రీ రాజు స్థాపించిన మఠం అది. ఆయనను పాతిపెట్టిందీ అక్కడే. నలభై ఏళ్లు కట్టుబడి పనులు చేయించినవాణ్ణి కదా, నా చూపు ముందు గోడ మీదికే పోయింది. పైన ఉండవలసిన చెక్కుడు రాతి తాపడం దాదాపు మిగల్లేదు. లోపల నింపిన చెకుముకి రాళ్లు మాత్రం తొక్క ఒలిచిన దానిమ్మలా కిక్కిరిసి కనబడుతున్నాయి.

ఆ తాపడం ఏమైందో చెప్పడానికి ఆ ఊరివాళ్లు మొహమాటపడలేదు. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు. చివరి మఠాధిపతి హ్యూ ఫారింగ్డన్‌ను అక్కడే ఉరితీయించి, శరీరాన్ని ముక్కలు చేయించాడు. కప్పు మీది సీసం ఊడదీసుకుపోయారు. రాయి కొంత ఊళ్లోని సెయింట్ మేరీ చర్చికి, కొంత విండ్సర్ రాజకోటకు పోయింది. రెండు వందల ఏళ్ల తరువాత కూడా హెన్లీ దగ్గర ఒక వంతెనకు ఇక్కడి రాయే తీసుకెళ్లారు. 1786లో జైలు కట్టడానికి వచ్చిన కూలీలకు గోడలో ఎండిపోయిన మనిషి చెయ్యి దొరికింది! మఠంలో పూజలందుకున్న, ఏసు శిష్యుడు సెయింట్ జేమ్స్ హస్తం అదేనని నమ్మేవారున్నారు. ఆ జైలునే 1844లో తిరిగి కట్టారు. రచయిత ఆస్కార్ వైల్డ్ శిక్ష అనుభవించింది అందులోనే. మఠం స్థాపించిన మొదటి హెన్రీ సమాధి కచ్చితంగా ఎక్కడుందో మాత్రం ఇంతవరకూ తేలలేదు.

2009లో రాళ్లు ఊడిపడుతున్నాయని గేటు మూశారు. ముప్పై లక్షల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టి 2018లో తెరిచారు. అందులో సగానికి పైగా అక్కడి జాతీయ లాటరీ డబ్బుతో నడిచే వారసత్వ నిధి నుంచి వచ్చిందట. కూలినదాన్ని కొత్తగా లేపలేదు, నిలిచి ఉన్నదాన్నే గట్టిపరిచారు. నాకు అది నచ్చింది.

అక్కడి నుంచి లండన్‌కు రైల్లో అరగంట. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం పలకలు చూశాను. తెల్లవాళ్లు ఎత్తుకుపోయారన్న సగం కథ మనందరికీ వచ్చు. ముందు సగం చెప్పేవారే తక్కువ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చేసరికే, కొత్త పట్నం కట్టడానికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఆ స్తూపం దిబ్బను తవ్వుతున్నారు. చెక్కడాలున్న పలకలు గోడల్లోకి, మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి.

మన ఊళ్లలో నేను చూసిన బోర్డుల్లో చాలావరకు కట్టించిన రాజు పేరు, శతాబ్దం, పాడుచేస్తే జరిమానా ఎంతో ఉంటాయి. నడుమ అయిదారు వందల ఏళ్లు ఏం జరిగిందో ఒక్క ముక్క ఉండదు. ఎవరు కూల్చారు, రాయి ఏ గుడికి, ఏ చెరువు తూముకు, ఏ ఇంటికి పోయింది? స్థానిక చరిత్ర చదివే విద్యార్థులకు ఒక వేసవి పని అప్పగిస్తే తేలే విషయాలివి. సంబంధిత శాఖ ఆలోచించాలి.

మా తాతగారి ఇంటి వీధి గడప ముందు మెట్టు మా ఊరి పాత కోట గోడలోంచి తెచ్చిందే. సగం పద్మం చెక్కి ఉంటుంది, రెండో సగం పక్కింటివారి పశువుల కొట్టంలో ఉంది. చిన్నప్పుడు దాని మీద కూర్చునే పలక మీద అఆలు దిద్దాను. కొలతలు రాసుకోవడానికి ఎవరు వచ్చినా రెండూ చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఇంజనీరు, తెనాలి