ముక్కు దూలం ఆపరేషన్‌ను ‘అందం కోసం’ అని తిరస్కరించడంపై బీమా సంస్థకు ఫిర్యాదు

గ్రీవెన్స్ అధికారి గారికి,
ఆరోగ్య బీమా క్లెయిముల విభాగం.

విషయం: సెప్టోప్లాస్టీ (ముక్కు దూలం వంకర సరిచేసే ఆపరేషన్) క్లెయిమును సౌందర్య చికిత్స పేరుతో తిరస్కరించి, ఆ తర్వాత కారణం మార్చడం గురించి.

అయ్యా,

మా ఈఎన్‌టీ విభాగంలో ముక్కు దూలం వంకర సరిచేయించుకున్న మీ పాలసీదారు క్లెయిమును మీరు రెండుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి ‘కాస్మెటిక్ సర్జరీ’ అన్నారు. ఆపరేషన్ నోట్సు జతచేసి మళ్లీ పంపితే ఆ మాట ఎత్తకుండా, ‘పుట్టుకతో వచ్చిన లోపం, పాలసీకి ముందు నుంచీ ఉన్నది’ అని కొత్త కారణం రాశారు. పాలసీదారు రాతపూర్వక అనుమతితో, ఆయనకు వైద్యం చేసిన డాక్టర్లుగా మేం ఈ లేఖ రాస్తున్నాం. క్లెయిము, పాలసీ నంబర్లు జతపరిచిన కాగితాల్లో ఉన్నాయి.

ముందుగా మీ క్వెరీల సంగతి. కొండవీటి చాంతాడంత జాబితాలో మొదటిది: ‘రోగి ముఖం ఫొటోలు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి పంపండి’. పంపాం. ఆ ఫొటోల్లో ముక్కు తిన్నగానే ఉంది. దాన్ని ఆధారం చేసుకుని ‘బయటికి వైకల్యం కనిపించడం లేదు, కాబట్టి వైద్య అవసరం లేదు’ అని రాశారు. ఆ వెంటనే కింది వాక్యంలో ‘ఇది రూపం మార్చుకునే చికిత్స’ అని తేల్చారు. బయటికి వైకల్యమే లేని ముక్కుకు రూపం మార్చాల్సిన పనేముంది? ఈ రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద ఎలా ఇమిడాయో మాకు అర్థం కాలేదు. మోకాలికీ బోడిగుండుకూ ముడి వేయడమంటే ఇదే.

ముక్కు దూలం అంటే రెండు రంధ్రాలను వేరుచేసే లోపలి గోడ. ముందు భాగం మృదులాస్థి. వెనక పైభాగం ఎత్మాయిడ్ ఎముక పలక, కింది భాగం వోమర్ ఎముక. అడుగున పై దవడ ఎముక గట్టు. ఈ గోడ పక్కకు ఒరిగినా, ఎముక ముల్లులా పొడుచుకొచ్చినా ముఖం ఫొటోలో కనిపించదు. చూడాల్సింది 4 మిల్లీమీటర్ల, సున్నా డిగ్రీల (తిన్నగా ముందుకు చూపే) ఎండోస్కోపుతో. ఆ బొమ్మలు మొదటి రోజునుంచీ మీ దగ్గర ఉన్నాయి. వాటిలో గోడ ఎడమకు ఒరిగి ఉంది. అదే వైపు వెనక కింద వోమర్ దగ్గర ఎముక ముల్లు పెరిగి, పక్కనున్న కింది టర్బినేట్‌కు (ముక్కు పక్క గోడనుంచి లోపలికి వచ్చే పొర కప్పిన ఎముక మడతకు) ఆనుకుని ఉంది. సైనస్ సీటీ స్కాన్‌లోనూ అదే ఉంది. అయినా మీరు సైనస్ ఎక్స్‌రే అడిగారు. సీటీ చేతిలో ఉండగా ఎక్స్‌రే అడగడం దేనికో చెప్పగలరా? ఎక్స్‌రేలో ఎముకల నీడలు ఒకదానిమీద ఒకటి పడతాయి. మృదులాస్థి వంకర అందులో సరిగా తెలియనే తెలియదు.

ఇక ‘కాస్మెటిక్’ అనే మాటకు వస్తాం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో సౌందర్య చికిత్సకు కోడ్ 08. రూపం మార్చడానికి చేసే చికిత్స దాని కిందికి వస్తుంది. ఆపరేషన్ నోట్సు చదివినవాళ్లెవరూ ఈ కేసును అందులో వేయరు. అదనపు ఆధారాలేవీ అక్కర్లేదు, ఆ ఒక్క పేజీ చాలు. అందులో ఏముందో వరసగా చెబుతాం.

జనరల్ అనస్థీషియా ఇచ్చి, రక్తం గొంతులోకి జారకుండా గొంతులో ప్యాక్ పెట్టాం. ముక్కు రెండు వైపులా మందులో తడిపిన పట్టీలు పెట్టి, లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపిన ఇంజెక్షన్‌ను దూలం పొర కిందికి ఎక్కించాం. రక్తస్రావం తగ్గడానికి ఒక కారణం ఇది; పొర, మృదులాస్థి విడివడటానికి ఈ నీరే దారి వేస్తుంది. దూలం ముందు అంచున లోపలివైపే కోత పెట్టాం, చర్మం మీద ఎక్కడా కత్తి పడలేదు. పొరను మృదులాస్థి నుంచి ఫ్రీయర్ ఎలివేటర్ అనే పరికరంతో లేపాం. సరైన పొరలోకి దిగితే తెల్లగా, కాస్త నీలి మెరుపుతో మృదులాస్థి కనిపిస్తుంది. అది కనిపించకుండా ముందుకు పోతే పొర చిరుగుతుంది. రెండు వైపులా ఒకేచోట చిరిగితే తర్వాత దూలానికి రంధ్రం పడే ప్రమాదముంది; అలాంటి ముక్కులో చెక్కులు కడతాయి, రక్తం కారుతుంది, ఊపిరి తీస్తుంటే ఈల వినిపిస్తుంది. ఈ కేసులో రెండు వైపుల పొరలూ చిరగకుండా ఉన్నాయని నోట్సులో రాసి ఉంది.

తర్వాత మృదులాస్థిని వెనక ఎముకనుంచి విడదీసి, వోమర్ ముల్లును తొలగించాం. వంకర ఉన్న మేరకే మృదులాస్థి తీశాం. పైన ముక్కు వెన్నుకూ ముందు అంచుకూ కనీసం 1 సెంటీమీటరు వెడల్పున ఎల్ ఆకారపు పట్టీ వదిలాం, ఎందుకంటే ముక్కును నిలబెట్టేది అదే. అది కూడా తీసేస్తే ముక్కు వెన్ను కుంగి జీనులా పల్లమవుతుంది. ముక్కు ఎముకలను విరిచింది లేదు, మొన దిద్దింది లేదు, బుడిపె చెక్కింది లేదు. ఈ మూడూ లేకుండా రైనోప్లాస్టీ (ముక్కు రూపం మార్చే ఆపరేషన్) ఎలా అవుతుందో మీ వైద్య సలహాదారు చెప్పాలి. ముక్కు బయటి రూపం కూడా వంకరగా ఉండి రెండూ కలిపి చేసే కేసులు మాకూ ఉంటాయి; వాటిలో బయటి పనిని నోట్సులో విడిగా చూపి, బిల్లులోనూ విడిగా వేస్తాం. ఈ బిల్లులో అలాంటి పద్దు లేదు.

‘నాసల్ స్ప్రేతో సరిపోయేది’ అని మీ డెస్కు నుంచి ఫోన్‌లో అన్నారు. కాగితం మీద రాయలేదు, అయినా జవాబిస్తున్నాం. మోమెటాసోన్ స్ప్రే రోజుకొకసారి, ఒక్కో రంధ్రంలో రెండేసి పఫ్‌లు, అంటే 200 మైక్రోగ్రాములు, ఆరు వారాలకు పైగా వాడించాకే ఆపరేషన్ మాట వచ్చింది. ప్రిస్క్రిప్షన్లు, మందుల షాపు బిల్లులు మీకు చేరాయి. స్ప్రే వాపున్న పొరను కుదిస్తుంది. ఎముకను నిటారు చేయదు. ఏది పొర, ఏది గోడ అని తేల్చడానికి ఓపీలోనే ఒక పద్ధతి ఉంది: పొర వాపు తగ్గించే జైలోమెటజోలిన్ చుక్కలు వేసి పది నిమిషాలాగి మళ్లీ చూస్తాం. ముక్కు తెరుచుకుంటే ఇబ్బంది ఎక్కువగా పొరలో ఉన్నట్టు. ఎడమవైపు అలాగే మూసుకుని ఉంటే గోడలో ఉన్నట్టు. ఈ ఫలితం కూడా కేస్ షీట్‌లో ఉంది.

పరిశోధనల ఆధారం కావాలంటే, బ్రిటన్‌లో 378 మంది పెద్దలపై జరిగిన నైరోస్ ట్రయల్ 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆరు నెలలకు లక్షణాల స్కోరు ఆపరేషన్ వర్గంలో సగటున 19.9, మందుల వర్గంలో 39.5. ఆ స్కోరులో ఎక్కువంటే బాధ ఎక్కువని అర్థం.

రెండో తిరస్కరణ మరీ విచిత్రం. దూలం వంకర పుట్టుకతోనే వచ్చిందని ఎవరు నిర్ధారించారు? కాన్పులో ఒత్తిడికి దూలం పక్కకు జరగొచ్చు, చిన్నప్పుడు తగిలిన దెబ్బ ఎదుగుదలతోపాటు వంకరై పెరగొచ్చు, పెద్దయ్యాక దెబ్బ తగలొచ్చు. చాలామందికి ఏ దెబ్బా గుర్తుండదు. గుర్తులేదంటే పుట్టుకతో వచ్చిందని కాదు. ఒకవేళ అదే అనుకున్నా, పాలసీలో మినహాయించింది ‘బాహ్య’ జన్మ లోపాలను, అంటే శరీరంలో కంటికి కనిపించే భాగాల్లో ఉన్నవాటిని. బయటికి కనిపించడం లేదని మొదటి లేఖలో రాసింది మీరే.

‘ముందు నుంచీ ఉన్నది’ అనే మాటకు బీమా భాషలో కచ్చితమైన హద్దు ఉంది. పాలసీ మొదలయ్యే ముందు 36 నెలల లోపు డాక్టరు నిర్ధారించిందో, చికిత్స సలహా ఇచ్చిందో, తీసుకున్నదో అయితేనే అది ముందున్న జబ్బు. గోడ ఎప్పటినుంచి వంగి ఉందన్నది వేరు, ఎప్పుడు నిర్ధారణ అయిందన్నది వేరు. కొంచెం వంకర చాలామందిలో ఉంటుంది. ఏ బాధా లేకపోతే అది జబ్బు కూడా కాదు, ఎవరూ కోయరు. ఈ రోగి తొలి ఓపీ చీటీ తేదీ పాలసీ మొదలైన చాలా కాలం తర్వాతిది. ఈఎన్‌టీ జబ్బులకు పాలసీలో ఉన్న రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ కూడా విరామం లేకుండా పూర్తయింది. దానిమీద మీకూ అభ్యంతరం లేదు.

ఒక రాత్రి ఎందుకు ఉంచారన్న క్వెరీకి క్లుప్తంగా: కొన్నిచోట్ల డే కేర్‌గా, అంటే అదే రోజు ఇంటికి పంపేలా చేస్తారు, అదీ సరైనదే. ఇక్కడ రెండు వైపులా ప్యాక్‌లు ఉన్నాయి. నోటితోనే ఊపిరి, మింగిన రక్తంతో వాంతులు, మొదటి రాత్రి రక్తస్రావం భయం. అన్నిటికంటే ముఖ్యంగా చూసేది దూలం పొరల మధ్య రక్తం నిలిచిందా అని. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, పొరనుంచే పోషణ. మధ్యలో రక్తం గూడు కడితే అది రెండు మూడు రోజుల్లో చచ్చుబడుతుంది, చీము పడితే ఇంకా త్వరగా. అలా జరిగితే అప్పుడు మీకు నిజంగానే రూపం దిద్దే ఆపరేషన్ బిల్లు వస్తుంది.

ఇదే సందర్భంలో మరో మాట. మీరు ఆమోదించిన వేరే క్లెయిముల్లో కింది టర్బినేట్ తగ్గించినందుకు అయిన ఖర్చును ‘సంబంధం లేని అదనపు ప్రొసీజర్’ అని కోస్తున్నారు. దూలం ఎడమకు ఒరిగితే కుడివైపు ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని నింపేలా కుడి టర్బినేట్ ఏళ్ల తరబడి ఉబ్బుతుంది. దాన్ని అలాగే వదిలి దూలాన్ని మధ్యకు తెస్తే అప్పటిదాకా ఆడుతున్న కుడి ముక్కు మూసుకుపోతుంది. ఎదురువైపు టర్బినేట్ తగ్గించడం ఇలాంటి కేసుల్లో ఆపరేషన్‌లో భాగమే. ఒకసారే వాడే మైక్రోడెబ్రైడర్ (కణజాలాన్ని కోసి పీల్చేసే పరికరం) బ్లేడునూ, పొరలు అతుక్కోకుండా వారం పాటు ఉంచే సిలికాన్ స్ప్లింట్లనూ దూది, గాజ్ గుడ్డ పట్టీల పద్దులో కలిపి కోయడం కూడా ఇలాంటిదే.

మేం కోరేది ఇదీ. తిరస్కరణను రద్దు చేసి, ఈ ఫైలును ఈఎన్‌టీ చదివిన డాక్టరుతో మళ్లీ చూపించండి. ఐఆర్‌డీఏఐ 2024 మే 29 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే ఏ షరతు కిందో చెప్పాలి. మీ రెండు లేఖల్లోనూ కమిటీ ప్రస్తావన లేదు, రెండో లేఖలో షరతు సంఖ్యే లేదు. కమిటీ నిర్ణయం ఉంటే దాని నకలు పాలసీదారుకు పంపండి. మీ క్వెరీ పట్టికలో సెప్టోప్లాస్టీ కింద ఉన్న ‘ముఖం ఫొటోలు’ తీసేసి, ఎండోస్కోపీ బొమ్మలు, చుక్కల తర్వాతి పరీక్ష ఫలితం, స్ప్రే వాడిన కాలం, ఆపరేషన్ నోట్సు అడగండి. ఈ నాలుగూ చూస్తే అసలైన కేసేదో, వేరే పనిని దూలం పేరుతో దాటించే కేసేదో మీకే తెలుస్తుంది. రెండో రకం కేసులు లేవని మేం అనడం లేదు.

పాలసీదారు బీమా భరోసా పోర్టల్‌లో విడిగా ఫిర్యాదు నమోదు చేస్తున్నారు. ఈ లేఖ అందిన నెలలోగా పరిష్కారం రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్తారు. అక్కడ మా నోట్సు, ఎండోస్కోపీ వీడియో సమర్పించడానికి, అడిగితే స్వయంగా వచ్చి వివరించడానికి మేం సిద్ధం.

జతపరిచినవి: ఓపీ చీటీలు, ఎండోస్కోపీ బొమ్మలు, సీటీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ, మీ రెండు తిరస్కరణ లేఖలు, రోగి అనుమతి పత్రం.

ఇట్లు,
ఆపరేషన్ చేసిన వైద్య బృందం,
ఈఎన్‌టీ విభాగం.