కోచ్‌ను గెలుపులతోనే కొలవొద్దు

కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ల మీద వచ్చే వార్తల్లో గెలిచిన మ్యాచ్‌లు, ట్రోఫీల లెక్కే తప్ప, వాళ్ల దగ్గర ఆడినవాళ్లలో ఎందరు డిగ్రీ పూర్తిచేశారన్న మాటే ఉండటం లేదు. అమెరికాలో టెనెస్సీ యూనివర్సిటీ మహిళల జట్టుకు 1974 నుంచి 2012 వరకు 38 సీజన్లు కోచ్‌గా ఉన్న పాట్ సమిట్ గురించి నేను చదివిన వ్యాసాల్లో ఎక్కువగా కనిపించింది 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్లే. అది చిన్న ఘనత కాదు. 22 ఏళ్లకే బాధ్యత తీసుకుని, జట్టు యూనిఫాంలు తానే ఉతికి, వ్యాన్ తానే నడిపిన రోజుల నుంచి అక్కడిదాకా వచ్చారామె. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్దది వేరే ఉంది. ఆమె జట్టులో, కాలేజీ తరఫున ఆడేందుకు అర్హత ఉన్న కాలమంతా ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ అందుకుంది. క్లాసు ఎగ్గొట్టకూడదు, ముందు మూడు వరసల్లోనే కూర్చోవాలి అన్నవి ఆ జట్టు నియమాలు. కాలేజీలో ఆడేవాళ్లలో ప్రొఫెషనల్ లీగ్‌లకు చేరేది అతి కొద్దిమంది. మిగతావాళ్లకు చివరికి అక్కరకొచ్చేది ఆ పట్టానే. ఆటగాళ్లు తరచూ కాలేజీలు మారుతున్న ఈ రోజుల్లో, మన తెలుగు కుటుంబాల పిల్లలూ అక్కడ చదువుతున్నప్పుడు, ఈ సంగతి పాఠకులకు తెలియాలి. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఏటా డిగ్రీ పూర్తిచేసిన క్రీడాకారుల శాతాలు ప్రకటిస్తోంది. కోచ్ వార్త వేసినప్పుడల్లా గెలుపోటముల పక్కనే ఆ అంకెనూ మీ క్రీడాపేజీలో ప్రచురించాలి.

– ఒక క్రీడాభిమాని, వరంగల్