చిగుళ్ల రక్తాన్ని ‘వేడి’ అని వదిలేయొద్దు

సంపాదకులకు,

పరీక్షల రోజుల్లో పత్రికలిచ్చే ఆరోగ్య సలహాల్లో నిద్ర, కళ్లు, జ్ఞాపకశక్తి ఉంటాయి. నోటి ఊసు రాదు. హాస్టల్ పిల్లలకు చిగుళ్ల రక్తం, నోటి వాసన, కడుపుబ్బరం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. ఇంట్లో ‘వేడి చేసింది’ అంటారు, మెడికల్ షాపులో బీకాంప్లెక్స్ ఇస్తారు. ఒత్తిడికి నోట్లో, పేగుల్లో సూక్ష్మజీవుల పొందిక మారుతుందన్న సంగతి ఎవరూ చెప్పరు.

ఆందోళనగా ఉన్నప్పుడు లాలాజలం పలచగా ఊరడం తగ్గి, కొద్దిగా, జిగటగా వస్తుంది. తీపి తిన్నాక బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లాన్ని విరిచేది ఆ లాలాజలమే. మామూలు నోట్లో అందుకు అరగంట పైనే పడుతుంది, ఎండిన నోట్లో ఇంకా ఆలస్యం. అర్ధరాత్రి పుస్తకం ముందు కూర్చుని తీపి టీని గుక్క గుక్కగా గంటసేపు తాగితే ఆ విరుగుడుకు వ్యవధే దొరకదు. నోటి ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ (ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 5.5 కంటే దిగువన ఉన్నంతసేపూ పంటి ఎనామిల్ కరుగుతుంది. అదే టీ ఒక్కసారిగా తాగేసి నీళ్లు పుక్కిలిస్తే నష్టం చాలా తక్కువ.

చిగుళ్లకు వచ్చే ముప్పు వేరు. పంటి పాచికి ప్రయోగశాలలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కలిపి చూస్తే, చిగుళ్ల జబ్బుతో ముడిపడిన ఫ్యూసోబ్యాక్టీరియా చురుకుదనం పెరిగిందని 2018లో తేలింది. అటు రోగనిరోధక శక్తీ తగ్గుతుంది, ఇటు పిల్లలు బ్రష్ చేయడమూ మానేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని సైనికులకు వచ్చిన ‘ట్రెంచ్ మౌత్’ నిద్రలేమి, భయం, పొగ, శుభ్రత లేని నోరు కలిసి తెచ్చిన జబ్బే. పళ్ల మధ్య చిగురు కొరికేసినట్టు గుంటపడి, బూడిదరంగు పొర, విపరీతమైన నొప్పి, కుళ్లు వాసన ఉంటే దాన్నే అనుమానించాలి, ఆ రోజే దంతవైద్యుడికి చూపించాలి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో నొప్పి త్వరగానే తగ్గుతుంది. పాచి, గార తీయించకపోతే మాత్రం తిరగబెడుతుంది. ఆ మందు సొంతంగా కొని మింగితే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది.

ఆ మంచి బ్యాక్టీరియాను ఒత్తిడి ముందే దెబ్బతీసి ఉంటుంది. 2008లో ఆస్ట్రేలియాలో విద్యార్థులను పరిశీలిస్తే, పరీక్షల వారంలో మలంలోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా తగ్గింది. ఒత్తిడిలో విడుదలయ్యే నారడ్రినలిన్ అనే హార్మోన్, మన ప్రొటీన్లు పట్టి ఉంచిన ఇనుమును ఈ.కోలై లాంటి పేగు బ్యాక్టీరియా లాక్కుని పెరగడానికి తోడ్పడుతుంది. పరీక్ష ఉదయం రెండుసార్లు విరేచనం కావడం మాత్రం చాలావరకు హార్మోన్లు పెద్దపేగును తొందరపెట్టడం వల్లే, ఇన్ఫెక్షన్ వల్ల కాదు. జ్వరం, రక్తం లేకపోతే యాంటీబయాటిక్ వద్దు, నీళ్లు, ఓఆర్ఎస్ చాలు.

బిస్కెట్లు, నూడుల్స్‌తో కడుపు నింపితే పేగు బ్యాక్టీరియాకు ఆహారం దొరకదు. పప్పు, ఆకుకూర, చిక్కుడు, రాగిసంకటిలోని పీచు కావాలి. పెరుగన్నం మంచిదే, కానీ పెరుగులోని బ్యాక్టీరియా పేగుల్లో స్థిరపడదు కనుక రోజూ తినాలి. మజ్జిగపులుసు కాచితే అందులోని బ్యాక్టీరియా చస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కాబట్టి రాత్రి బ్రష్ తప్పనిసరి. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, రెండు నిమిషాలు. నురుగు ఉమ్మేసి ఊరుకోవాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. రక్తం వస్తోందని ఆ చోటు వదిలేస్తే పాచి పెరిగి రక్తం ఇంకా ఎక్కువవుతుంది. సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు చెబితేనే వాడాలి, అదీ పేస్టుకు అరగంట ఎడంగా. రెండు వారాలు దాటి వాడితే పళ్లకు మరకలు పడతాయి.

రాత్రి స్టడీ అవర్ ముగిశాక బ్రష్ చేసుకోవడానికి ఐదు నిమిషాలు కేటాయించమని హాస్టల్ యాజమాన్యాలను కోరుతున్నాం. హాల్‌టికెట్ సూచనలు వేసే రోజు, ట్రెంచ్ మౌత్ లక్షణాలను కూడా ఆ పక్కనే ఒక చిన్న పెట్టెలో ప్రచురించమని మీకు మా విన్నపం.

— ఇద్దరు దంతవైద్యులు, గుంటూరు