లేబుల్ మీద ఒక్క 'ఎల్'

సంపాదకులకు నమస్కారం.

పాత కంప్యూటర్ నెమ్మదిస్తే పారేయక్కర్లేదు, ర్యామ్ (తెరిచిన ఫైళ్లను పని జరిగినంతసేపూ పట్టి ఉంచే మెమరీ) పెంచుకుంటే చాలు, పది నిమిషాల పని అంటూ పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పారేయక్కర్లేదన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. పది నిమిషాలన్న దగ్గరే నా అభ్యంతరం. ఆ పనికి నాకు పదకొండు రోజులు పట్టింది. మధ్యలో నా కంప్యూటర్ ఇక పనికిరాదని ఒకాయన తేల్చేశారు కూడా. ఈ ఉత్తరం దాని మీదే టైప్ చేస్తున్నాను.

నేను ప్రూఫ్‌రీడర్‌ని. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నాది లావుపాటి నిఘంటువు పక్కన పెడితే దానికన్నా చిన్నగా కనబడే డెస్క్‌టాప్. పదేళ్ల నాటిది, 4 జీబీ ర్యామ్‌తో వచ్చింది. ఐదారు వందల పేజీల ఫైలు తెరిచి, పక్కనే మూలప్రతి పీడీఎఫ్ పెట్టుకుంటే, ఒక్క దీర్ఘం దిద్ది అది తెర మీదికి వచ్చేదాకా కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది. ర్యామ్ కార్డు పెట్టే రెండో స్లాట్ ఖాళీగా ఉంది కదా అని 8 జీబీ కార్డు ఒకటి తెప్పించాను. ఇలాంటి చిన్న పెట్టెల్లో ల్యాప్‌టాప్‌కి వాడే పొట్టి కార్డులే పడతాయి, ఆ సంగతి నాకు ముందే తెలుసు. డీడీఆర్3 అనే తరం, పొట్టి సైజు, 1600 వేగం. మూడూ చూసే కొన్నాను.

కార్డు స్లాట్‌లో చక్కగా కూర్చుంది. స్విచ్ వేస్తే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది. మూడు బీప్‌లు, కాసేపు ఆగి మళ్లీ మూడు బీప్‌లు. నాలుగు రోజుల్లో ఒక పుస్తకం ప్రూఫులు అప్పగించాలి. ఆ రాత్రి టెన్షన్‌తో కంటిమీద కునుకు లేదు.

మర్నాడు రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూత విప్పలేదు. స్విచ్ వేసి, బీప్‌లు విని, "మదర్‌బోర్డు పోయిందమ్మా, ఈ చిన్నవాటికి విడిగా బోర్డు దొరకడం కష్టం, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆ మాట నమ్మి పెట్టెను అక్కడే వదిలేసి వచ్చేదాన్నే. ఇలాంటి ఒక్క మాటతో ఎన్ని మంచి యంత్రాలు తుక్కులోకి పోతున్నాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే బీప్ వస్తోందంటే బోర్డు బతికే ఉందన్నమాట. ర్యామ్ నాకు అందడం లేదని అది మొరపెట్టుకుంటోంది. ఎన్ని బీప్‌లకు ఏమిటి అర్థమన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోవాలి. చెవికి వినబడుతున్న ఆ ఫిర్యాదును పట్టించుకోకుండా బోర్డుకి చావు రాసేయడం మాత్రం అన్యాయం.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, బోర్డు సంగతి తర్వాత. ముందు పాత కార్డు ఒక్కటే పెట్టి చూడు" అన్నాడు. కరెంటు ప్లగ్ పీకించాడు. పవర్ బటన్‌ను కాసేపు నొక్కిపట్టమన్నాడు, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. పెట్టె లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోమన్నాడు, ఒంటి మీది స్టాటిక్ కరెంటు చిప్‌లకు తగలకుండా. అప్పుడు రెండు కార్డులూ తీసి, పాతదాన్ని దాని పాత స్లాట్‌లోనే పెట్టాను. తెర వెలిగింది! పాతదాన్నే రెండో స్లాట్‌లోకి మార్చాను. మళ్లీ వెలిగింది. అంటే బోర్డు బాగుంది, స్లాట్‌లు రెండూ బాగున్నాయి. కొత్తదాన్ని ఒక్కదాన్నే పెడితే ఏ స్లాట్‌లోనైనా అవే మూడు బీప్‌లు. ఒక్కో కార్డు, ఒక్కో స్లాట్, విడివిడిగా. ఆయన మూత విప్పి ఈ నాలుగు ప్రయత్నాలూ చేసి ఉంటే అక్కడే తేలిపోయేది.

"రెండు కార్డుల మీదా స్టిక్కర్లుంటాయి, పైకి చదువు" అన్నాడు తమ్ముడు. టేబుల్ లైటు కింద పక్కపక్కన పెట్టుకుని, ప్రూఫు చదివినట్టే అక్షరం అక్షరం చదివాను. పాతది: పీసీ3ఎల్-12800ఎస్. కొత్తది: పీసీ3-12800ఎస్. పీసీ3 అంటే డీడీఆర్3 అనే. చివరి ఎస్ పొట్టి సైజుకి గుర్తు. 12800 అంటే 1600 వేగమే, సెకనుకు ఎన్ని మెగాబైట్లు సాగుతాయో చెప్పే అంకె. అవన్నీ కలిశాయి. తేడా ఆ ఒక్క 'ఎల్'. ఆవగింజంత అక్షరం.

ఆ ఎల్ అంటే తక్కువ వోల్టేజి. మామూలు డీడీఆర్3 కార్డుకి 1.5 వోల్టులు కావాలి. ఎల్ ఉన్నది 1.35 వోల్టులతో నడుస్తుంది. నా బోర్డు ఇచ్చేది 1.35 మాత్రమే. ఎల్ రకం కార్డు సాధారణంగా 1.5 వోల్టుల బోర్డులోనూ నడుస్తుంది కానీ, 1.5 కోసం తయారైన కార్డు 1.35తో లేస్తుందన్న భరోసా లేదు. నాది లేవలేదు.

నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ర్యామ్ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ అనే సంస్థ తరం మారినప్పుడల్లా కార్డు అంచున ఉండే గాటును జరుపుతూ వచ్చింది. పొట్టి సైజులో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. ఒక తరం కార్డు ఇంకో తరం స్లాట్‌లోకి దిగదు. చూడకుండా పెట్టినా స్లాటే ఆపేస్తుంది. ఎంత ముందుచూపో! కానీ 2010లో వచ్చిన ఈ ఎల్ రకానికి గాటు మారలేదు, పిన్నులు మారలేదు. రెండూ ఒకే స్లాట్‌లో ఒకేలా కూర్చుంటాయి. మామూలు మనిషికి మిగిలిన ఆధారం లేబుల్ మీది ఆ ఒక్క అక్షరమే. అలాంటప్పుడు ఈ యంత్రంలో ఏ కార్డు పడుతుందో తయారు చేసినవాళ్లు మూత లోపల అచ్చేయొద్దా? నా పెట్టె మూత వెనక సీరియల్ నంబరుంది, బార్‌కోడుంది, హెచ్చరిక బొమ్మలున్నాయి. వోల్టేజి గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పుడు కొన్ని కొత్త యంత్రాల్లో ర్యామ్‌ను బోర్డుకే అతికించి సోల్డర్ చేసి ఇస్తున్నారు, తర్వాత పెంచుకునే వీలే ఉండదు. ఆ మాటైనా పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

సరైన కార్డు వచ్చాక కూడా ఒక చిక్కు వచ్చింది. తెర వెలిగింది కానీ 4 జీబీయే చూపించింది. కార్డును స్లాట్‌లోకి ఏటవాలుగా దూర్చాలి, దాదాపు 30 డిగ్రీల వాలులో, చివరంటా. అప్పుడే కిందికి నొక్కాలి. నేను సగం దూర్చి నొక్కేశాను. లైటు వేసి చూస్తే బంగారు రంగు అంచు ఒక మూల గోరు మందాన బయటికి కనబడుతోంది. తీసి, రెండు బొటనవేళ్లతో సమానంగా తోసి, నొక్కాను. రెండు పక్కల క్లిప్పులూ టక్కుమని పట్టుకున్నాయి. ఆ చప్పుడు వినబడాలి. ర్యామ్ మార్చాక మొదటిసారి తెర వెలగడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టొచ్చు. డీడీఆర్5 యంత్రాల్లో కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. బోర్డు కొత్త కార్డుతో లెక్కలు సరిచూసుకుంటుంది, కంగారుపడి పవర్ తీసేయకూడదు. ఈసారి 12 జీబీ కనబడింది. ర్యామ్‌లో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపించాను. ఒక్క తప్పూ రాలేదు.

మీ వ్యాసంలో ర్యామ్ కొనండి అన్న చోట, కొనేముందు పాత కార్డు బయటికి తీసి లేబుల్ మొత్తం కాగితం మీద ఎక్కించుకోండి అన్న ఒక్క వాక్యం ఉంటే బాగుండేది. దయచేసి తర్వాతి సంచికలోనైనా వేయండి. ఫోటో తీసుకోవడం ఇంకా మంచిది.

మూత బిగించే ముందు ఒక చీటీ మీద నల్ల సిరాతో రాసి లోపల అతికించాను: "1.35 వోల్టులు. పీసీ3ఎల్ మాత్రమే. స్లాట్‌లు రెండు, ఒక్కోదానిలో 8 జీబీ దాకా." ఎల్ కింద రెండు గీతలు గీశాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక ప్రూఫ్‌రీడర్