మ్యూజిక్ థెరపిస్టులకు టెక్సాస్ లైసెన్సు: మన సంఘం 2024 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు ఈ ఏడు కూడా చక్కగా జరిగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తారు. ఈ నివేదికను ఒక్క పనికే కేటాయిస్తున్నాము. సంగీతం ద్వారా చికిత్స చేసే మ్యూజిక్ థెరపిస్టులకు టెక్సాస్ రాష్ట్రం లైసెన్సు విధానం తేవాలని కోరుతూ మనం చేసిన ప్రయత్నమే ఆ పని.

ఒక తెలుగు సంఘానికి ఈ విషయంతో ఏం సంబంధమని కొందరు సభ్యులు అడిగారు. నిరుడు పిల్లల కోసం జరిపిన శిబిరానికి, మ్యూజిక్ థెరపిస్టునని చెప్పుకున్న ఒకరిని మేమే ఆహ్వానించాము. అర్హతలేమిటని అడగలేదు. ఆటిజం ఉన్న ఒక బాబు పెద్ద శబ్దానికి తాళలేక చెవులు మూసుకొని ఏడుస్తున్నా, అదే అలవాటవుతుందంటూ ఆ వ్యక్తి వాయించడం ఆపలేదు. చివరికి తల్లే బాబును ఎత్తుకొని బయటకు వెళ్ళిపోయింది. ఆ వ్యక్తి ఈ రంగంలో ఏ శిక్షణా పొందలేదని తరువాత వాకబు చేస్తే తెలిసింది. ఎవరికి ఫిర్యాదు చేయాలని ఆ తల్లి అడిగితే మా దగ్గర సమాధానం లేకపోయింది. పిలిచింది మేమే కాబట్టి ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పుకున్నాము. ఆ ప్రశ్నను మాత్రం అక్కడితో వదిలేయలేకపోయాము.

సమాధానం లేకపోవడానికి కారణం చట్టంలోనే ఉంది. టెక్సాస్‌లో మసాజ్ చేసేవారికి, క్షౌరవృత్తి చేసేవారికి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. మన పిల్లలు వెళ్ళే స్పీచ్ థెరపిస్టులకూ ఉండాలి. పిల్లల ప్రవర్తనను పరిశీలించి సరిదిద్దే బిహేవియర్ అనలిస్టులకు 2017లో చేసిన చట్టంతో లైసెన్సు వచ్చింది. మ్యూజిక్ థెరపిస్టు అన్న పేరును మాత్రం ఎవరు పెట్టుకున్నా అడ్డుకునే చట్టం ఇక్కడ లేదు. జాతీయ స్థాయిలో ఒక ధ్రువీకరణ ఉన్న మాట నిజమే. 1983లో ఏర్పడిన సర్టిఫికేషన్ బోర్డు దానిని ఇస్తుంది. గుర్తింపు పొందిన డిగ్రీ చదివి, కనీసం 1,200 గంటల క్లినికల్ శిక్షణ పూర్తి చేసి, పరీక్ష నెగ్గినవారికే అది దక్కుతుంది. నిలుపుకోవాలంటే ప్రతి 5 ఏళ్ళకూ 100 క్రెడిట్లు (వృత్తిలో చదువు కొనసాగించినందుకు వచ్చే పాయింట్లు) సంపాదించాలి. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలోను, డెంటన్‌లోని టెక్సాస్ ఉమన్స్ యూనివర్సిటీలోను ఈ చదువు ఉంది. కానీ ఆ బోర్డు తన దగ్గర ధ్రువీకరణ తీసుకున్నవారి మీదే చర్య తీసుకోగలదు. ఏ ధ్రువీకరణా లేకుండా పేరు మాత్రం వాడుకునేవారిని అది ఏమీ చేయలేదు. మన శిబిరంలో జరిగింది సరిగ్గా అదే.

ఉత్తరాన రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలో అడుగుపెడితే పరిస్థితి వేరు. అక్కడ 2016లో చట్టం వచ్చింది, లైసెన్సులను వైద్యుల లైసెన్సింగ్ బోర్డే పర్యవేక్షిస్తుంది. నార్త్ డకోటా, నెవాడా రాష్ట్రాలు 2011లోనే ముందడుగు వేశాయి. జార్జియాలో 2012లో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 2020 జనవరిలో చట్టాలయ్యాయి. మన పని మొదలుపెట్టే ముందు, ఇందుకోసం ఏర్పడిన ఉపసంఘం సభ్యులు ఈ చట్టాలను చదివి, తెలుగులో సారాంశం రాసి పంచారు. ఇంత ఓపికగా చేసిన పని ఈ ఏడాది మరొకటి లేదని మా అభిప్రాయం.

ఆ సారాంశం అందరికంటే ముందు అవసరమైంది మన కర్ణాటక సంగీత గురువులకే. ఈ చట్టం వస్తే వృద్ధాశ్రమాల్లో కీర్తనలు పాడటం కూడా నేరమవుతుందా, ఇంట్లో పాఠాలు చెప్పుకోవడానికి కూడా లైసెన్సు కావాలా అని వారు ఆందోళన చెందారు. అది అర్థం లేని ఆందోళన కాదు. వారితో కూర్చొని, ఇతర రాష్ట్రాల చట్టాలు సంగీతం నేర్పడాన్ని గానీ, భజనలు పాడటాన్ని గానీ అడ్డుకోవని, థెరపిస్టునని చెప్పుకొని చికిత్స చేయడానికే నిబంధనలు పెడతాయని వివరించాము. ఫలానా రాగం వింటే ఫలానా జబ్బు తగ్గుతుందని మనలో ప్రచారంలో ఉన్న మాటలకు, ఈ వృత్తికి ఉన్న తేడా కూడా అప్పుడే చర్చకు వచ్చింది. థెరపిస్టు ముందుగా రోగిని పరిశీలించి, మాట రావడమో, చేయి కదలడమో, ఆందోళన తగ్గడమో ఒక లక్ష్యం పెట్టుకొని, దాని వైపు ఎంత ముందుకు సాగిందీ లెక్కరాస్తూ పనిచేస్తారు. ఏ రాగమన్నది ఆ తరువాతి మాట. మా వివరణతో అందరూ ఏకీభవించలేదు. ఏకీభవించనివారి మాటలను కూడా సమావేశ వివరాల్లో నమోదు చేశాము.

మరొక సంకోచం వీసాల గురించి. హెచ్-1బి మీద ఉన్న తల్లిదండ్రులు శాసనసభ్యులకు ఉత్తరం రాస్తే చిక్కు వస్తుందేమోనని వెనకాడారు. నియోజకవర్గంలో నివసించే ఎవరైనా, పౌరసత్వం లేకపోయినా, తమ ప్రతినిధికి విన్నవించుకోవచ్చని న్యాయవాదిని అడిగి తెలుసుకున్న తరువాతే ఉత్తరాల పని మొదలుపెట్టాము. డాలస్ చుట్టుపక్కల ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోని తల్లులు తమ మాటల్లోనే రాశారు. అచ్చువేసిన నమూనా ఉత్తరం మీద సంతకాలు చేయించడం మాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఇది ఎన్నికల ఏడాది. మన సంఘం 501(సి)(3) కింద పన్ను మినహాయింపు పొందినది కాబట్టి ఏ అభ్యర్థినీ సమర్థించలేదు, ఏ పార్టీ వేదిక మీదా మాట్లాడలేదు. చట్టం కోసం కృషి చేయడానికి పరిమిత స్థాయిలో అనుమతి ఉంది, ఆ పరిధి దాటలేదు. ఫోటోకాపీలకు, తపాలాకు, ప్రయాణాలకు అయిన ఖర్చును ఉపసంఘం సభ్యులే భరించారు.

లైసెన్సు వచ్చినంత మాత్రాన బీమా కంపెనీలు డబ్బు చెల్లిస్తాయని ఏ కుటుంబానికీ మేము చెప్పలేదు, సభ్యులెవరూ అలా చెప్పవద్దని మనవి. తీవ్ర వైకల్యం ఉన్నవారికి టెక్సాస్ మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య సహాయ పథకం) అందించే క్లాస్ అనే పథకంలో మ్యూజిక్ థెరపీ ఇప్పటికే ఒక సేవగా ఉంది. కాకపోతే దాని కోసం నిరీక్షణ జాబితా చాలా పెద్దది. బీమా సంగతి ఎలా ఉన్నా, ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కార్యాలయం, చూసుకోవడానికి ఒక లైసెన్సు నంబరు ఉండటమే మేము కోరుతున్నది.

ఈ పని మధ్యలో అనుకోకుండా మరొకటి తోడయింది. ధ్రువీకరణ ఉన్న ఒక థెరపిస్టు, మతిమరుపు వ్యాధితో ఇంగ్లీషు పూర్తిగా మరచిపోయిన ఒక తెలుగు పెద్దావిడకు ఏ పాటలు పాడాలో తెలియక మనల్ని సంప్రదించారు. ఆమె పుట్టింటివైపు వాళ్ళను అడిగి జోలపాటలు, మంగళహారతులు, దంపుళ్ళ పాటలు సేకరించి, ఉచ్చారణ తెలిసేలా రికార్డు చేసి ఇచ్చాము. ఇలాంటి పాటల సంపుటిని వచ్చే ఏడాది అందరికీ ఉపయోగపడేలా పెంచాలని అనుకుంటున్నాము.

టెక్సాస్ శాసనసభ రెండేళ్ళకొకసారి, బేసి సంఖ్య సంవత్సరాల్లో, 140 రోజులు సమావేశమవుతుంది. తదుపరి సమావేశాలు 2025 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి నాడు మొదలవుతాయి. అందువల్ల మన సంక్రాంతి సంబరాలను ఆ వారాంతానికి మార్చాము. 150 మంది ప్రతినిధులు, 31 మంది సెనేటర్లలో మీ ప్రాంతానికి చెందినవారెవరో, మీ నియోజకవర్గం నంబరేమిటో సంబరాల రోజున నమోదు బల్ల దగ్గర రాసి ఇవ్వండి. శాసనసభ ఉన్న రాజధాని ఆస్టిన్‌కు వెళ్ళే బృందంలో పిల్లల తల్లిదండ్రులకు మొదటి స్థానం. వారు అక్కడికి వెళ్ళి మాట్లాడుతున్నప్పుడు ఇక్కడ వారి పిల్లలను చూసుకోవడానికి ఓపిక, అనుభవం ఉన్న సభ్యులు ముందుకు రావాలని కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి